గోళ్ళరంగు

పుస్తకంలో ఉంది: చర్మం ఎర్రబడును.
ఆ పుస్తకం రాసినాయన చూసినవన్నీ తెల్ల కాళ్ళు కాబోలు.
గెర్వాజియో కాలు
అమావాస్యనాటి మలావి సరస్సు రంగు.
ఎరుపు అందులో ఎక్కడో మునిగి ఉంది,
పైకి తేలదు.

అందుకని కళ్ళని నమ్మడం మానేసి
చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనకవైపుతో
ముందు మంచి కాలు తాకాను,
తరవాత రెండోది.
అప్పుడే పొయ్యి దించిన సీమా కుండ.
చర్మం బిగిసి మెరుస్తోంది, నారింజ తొక్కలా సన్నని గుంటలు.
నొక్కి తీశాక కూడా
నా బొటనవేలు అక్కడే ఉండిపోయింది.

"మొన్న రాత్రి చలి పుట్టింది సిస్టర్,
వల లాగుతుంటే పళ్ళు టకటకలాడాయి.
మలేరియా అనుకుని మాత్రలు మింగా."
ఈ ఒడ్డున ఎవరు వణికినా ముందు దోమదే తప్పు.

కాలివేళ్ళు విడదీశాను.
నాలుగో వేలికీ చిటికెన వేలికీ నడుమ
నానిన తెల్లటి చీలిక, బియ్యపుగింజంత.
దొంగ తలుపు బద్దలు కొట్టలేదు,
తీసి ఉంచిన కిటికీలోంచి వచ్చాడు.

హద్దు గియ్యాలి. రేపటికి ఎంత పాకిందో తెలియాలి కదా.
నీలం పెన్నుతో గీశా, కనపడలేదు.
నల్లది, చెప్పనే అక్కర్లేదు.
సంచీ అడుగున మా చెల్లెలు జోంబా నుంచి తెచ్చిన
గోళ్ళరంగు సీసా, మొహం చెడే గులాబీరంగు.
వేడి ఆగిన చోటల్లా ఒక చుక్క.
మొత్తం పద్నాలుగు.

వరండాలో జాలర్లు పడీపడీ నవ్వారు,
"గెర్వాజియోకి పెళ్ళంటర్రా!"
అతనూ నవ్వాడు, ఒక వైపు మూతితో.

ఆరుగంటలకో మాత్ర, ఖాళీ కడుపున.
వేళ్ళ సందుకి పూతమందు.
కాలు గుండెకంటే ఎత్తులో.
"నేను కాలెత్తుకుని పడుకుంటే
వల ఎవరు లాగుతారు సిస్టర్?"
దానికి నా దగ్గర మాత్ర లేదు.

అతని వెనకాల ఎనిఫా అవ్వ.
రెండు కాళ్ళూ వాచి, దురదపెట్టి, పొలుసులు రాలుతూ.
ఎక్కడికెళ్ళినా ఇవే మాత్రలిచ్చారట, నాలుగుసార్లు.
వేళ్ళ వెనక పెట్టి చూశా: చల్లగా ఉంది.
రెండు కాళ్ళూ ముహూర్తం కుదుర్చుకుని
ఒకేసారి తెచ్చుకునే జబ్బు కాదవ్వా ఇది.
పాదం మీద నాడి దొరికాక
మడమ నుంచి మోకాలి దాకా కట్టు కట్టాను.
మాత్రలివ్వలేదని
ఊరంతా చెప్పుకుంది.

సాయంత్రం గెర్వాజియో తడిక దాకా వెళ్ళి
అదే ప్రశ్న అడిగాను,
"నొప్పి వాపంతే ఉందా, వాపుని మించి ఉందా?"
ఎందుకు అడుగుతున్నానో అతనికి చెప్పలేదు.

పోయినేడు మావుతో అలాగే వచ్చాడు.
చర్మం మీద అరచేతంత మచ్చ,
నోట్లో మాత్రం ఊరికంతటికీ వినపడే అరుపు.
నేను మచ్చని చూశాను.
అరుపుని వినలేదు.
గోటితో పోయేదనుకున్నా.
తెల్లారేసరికి చోటు బూడిదరంగై, స్పర్శ పోయి,
వేలు పెడితే లోపల ఎండురెల్లు నలిగిన చప్పుడు.
జిల్లా ఆసుపత్రికి ఇంకా రెండు వంతెనలుండగా
బండి వెనకాల నిశ్శబ్దమైపోయింది.

రెండో రోజు వేడి మూడు చుక్కల్ని దాటింది.
నా కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది.
కానీ జ్వరం దిగింది. సీమా అడిగి తిన్నాడు.
నొప్పి, "నిన్నటంత లేదు" అన్నాడు.
మందు మార్చలేదు.
రాత్రంతా నిద్రపోలేదు, అది వేరే సంగతి.

నాలుగో రోజు పొద్దున్న
వేడి చుక్కల్ని వదిలి
రెండు వేళ్ళ వెడల్పు లోపలికి జరిగింది.
వదిలిన మేర చర్మం ముడతలు పడి,
ఎవరో చొక్కా విప్పేసి వెళ్ళినట్టు.

వారం తిరక్కుండా పడవెక్కాడు.
పూతమందు రాస్తున్నావా అంటే
సరస్సు వైపు చూశాడు.
పద్నాలుగులో తొమ్మిది చుక్కలు ఇంకా ఉన్నాయి,
ఉసిపా చేపల మధ్య మెరుస్తూ.

నెలాఖరు సరుకుల పట్టీలో రాశాను:
గోళ్ళరంగు, సీసా ఒకటి, సగం.
జిల్లా ఆఫీసు ఎర్ర సిరాతో సున్నా చుట్టి పంపింది,
ఇది దేనికి?
ఆ ఎరుపు మాత్రం
ఎంత స్పష్టంగా కనపడిందో.